పాతరేకు విలువ

భావనపాటి తీరమున ఇనుము దీర్ఘాయువు గల వస్తువు కాదు. శ్రీకాకుళము జిల్లాలో టెక్కలికి చేరువనున్న ఈ మత్స్యకార గ్రామమున ఉప్పుగాలి సైకిలు గొలుసును, తలుపు గడియను, పడవ యంత్రమును సమానముగనే కొరుకుచుండును. తేమయు, ప్రాణవాయువును తోడైనప్పుడు ఇనుము త్రుప్పుపట్టును. నీట కరగిన ఉప్పు విద్యుత్ప్రవాహమునకు త్రోవచూపి ఆ పనిని వేగిరపరచును. త్రుప్పు తాను పుట్టిన ఇనుముకంటె ఎక్కువ చోటు నాక్రమించును గనుక పైపూతను లోపలినుండి పొంగించి పగులగొట్టును. పాఠ్యపుస్తకములో సమీకరణముగా కనిపించు ఈ సత్యము తీరవాసికి నిత్యానుభవము.

అందుచేతనే కాబోలు, ఒకప్పటి ఈ తీరపు పడవలలో ఇనుపమేకు కానరాదు. పలకలకు రంధ్రములు చేసి కొబ్బరిపీచు త్రాటితో కుట్టెడివారు. కెరటము కొట్టినపుడు ఆ కుట్టు కొంచెము సాగి దెబ్బ నోర్చుకొనెడిది. పలక చెడినచో కుట్టు విప్పి, ఆ పలక నొక్కదానినే మార్చి, మరల కుట్టుటకు వీలుండెడిది. ఇట్లు కొన్ని యేండ్లకు పలకలన్నియు మారిపోయిన పిదప అది పాతపడవయేనా? ప్రాచీన ఏథెన్సు పౌరులు థీసియస్ వీరుని నావ నిట్లే పలక వెంట పలక మార్చి కాపాడుకొనిరనియు, తత్త్వవేత్తలు దానినిగూర్చి ఈ ప్రశ్ననే వేసి వాదులాడిరనియు ప్లూటార్కు వ్రాసియున్నాడు.

ఆ ప్రశ్నయే నేడు పాత మోటారుకార్లను పునరుద్ధరించువారి యెదుట నిలిచియున్నది. హైదరాబాదున చౌమహల్లా ప్రాసాదమును దర్శించినవారు, ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కోరి చేయించిన పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారును చూచియుందురు. అది తయారై వచ్చులోపలనే, 1911లో, ఆయన కాలధర్మము చెందెను. అది దర్బారునకు తగిన వాహనము. పందెపుకారు జాతకము వేరు. వేగముకొరకు దాని రేకును పలుచన చేయుదురు, బరువును తగ్గించుదురు, ప్రమాదము దాని వెన్నంటియే యుండును. కాబట్టి దానిని మరల నిలువబెట్టుట మిక్కిలి కష్టము.

ఇంగ్లండులోని జాగ్వార్ సంస్థ 1961లో జెనీవా ప్రదర్శనమున ఇ-టైప్ అను కారును లోకమునకు చూపెను. దాని రూపకర్త మాల్కం సేయర్ పూర్వము విమాన నిర్మాణశాలలో పనిచేసినవాడు. గాలి తక్కువగా అడ్డగించునట్లు ఆయన ఆ వంపులను కంటి అందాజుతో గాక గణితముతో గుణించి తీర్చెను. సాధారణముగా ఉక్కురేకుతో చేయు ఈ కారును, 1963, 1964 సంవత్సరములలో పందెములకొరకై అల్యూమినియముతో పండ్రెండు మాత్రమే కట్టిరి. వానిలో నొకటి జర్మనీ దేశీయుడైన పీటర్ లిండ్నర్‌కు చేరెను.

1964 అక్టోబరులో పారిస్ చేరువ మోంట్లెరీ పందెపుబాటపై లిండ్నర్ కారు అదుపుతప్పెను. ఆ ప్రమాదమున లిండ్నర్‌తోపాటు ఫ్రాంకో పాట్రియా అను మరియొక చోదకుడును, విధినిర్వహణమున నున్న ముగ్గురును మరణించిరి. నలిగిన కారును ఫ్రెంచి అధికారులు పెక్కేండ్లు తమ స్వాధీనమున నుంచుకొనిరి. విడుదలయైన తరువాత దాని యంత్రభాగములు పనికివచ్చినవి గాని దేహము నుగ్గునుగ్గై యుండెను. కావున నిపుణులు క్రొత్తదేహ మొకటి కట్టి, పాతయంత్రము నందులో కూర్చిరి. నలిగిన దేహము తుక్కుగా పోలేదు, ప్రక్కన మిగిలియుండెను.

దశాబ్దములు గడచిన పిమ్మట బ్రిడ్జ్‌నార్త్ పట్టణమందలి క్లాసిక్ మోటార్ కార్స్ అను కర్మశాలవారు ఆ పాతదేహమునే చేతబట్టిరి. పందెమాడినది, ప్రాణములు పోవుట చూచినది ఆ లోహమే. దానిని విడిచినచో మిగులునది కేవలము సంఖ్యాఫలకమే యని వారి పట్టుదల. 2011 నాటికి పూర్తియైన ఆ పనికి ఏడువేల గంటలకు పైబడిన శ్రమ పట్టినది. పాతరేకులో చాలభాగమును వారు నిలుపగలిగిరి.

ఈ పనిలోని కష్టము చూపరికి తెలియదు. అల్యూమినియమును సుత్తితో కొట్టినకొలది గట్టిపడును. ఇంకను కొట్టినచో పగులును. అందుచేత మధ్యమధ్య దానిని కాచి మెత్తబరుపవలెను. అయితే అది ఇనుమువలె ఎఱ్ఱబడి హెచ్చరింపదు. చూచుచుండగనే కరగి జారిపోవును. అనుభవజ్ఞులు దానిపై సబ్బు రుద్ది మంటచూపుదురు. సబ్బుగీత నల్లబడగానే మంట తీయుదురు. సాగిన రేకును కుదించుట, చినిగిన అంచులను అతుకుట, అరచేతితో తడవి కంటికందని ఎత్తుపల్లములను కనుగొనుట — వీనిలో కొన్నింటినే పుస్తకము నేర్పగలదు. అట్టి కారునకు రేకుపనివా డొక్కడే చాలడు. యంత్రము విప్పువాడు, విద్యుత్తీగలను పరచువాడు, తోలు కుట్టువాడు, రంగు వేయువాడు వేర్వేరుగా కావలెను. ఒకరి తొందరపాటు తక్కినవారి పనిని చెరుపును.

ఇంతపాటు అవసరమా యని అడుగవచ్చును. 1963లో జాగ్వార్‌వారు అట్టి తేలికకార్లు పదునెనిమిది కట్టదలచి, పండ్రెండింటితో నిలిపిరి. మిగిలిన ఆరు సంఖ్యలతో ఆరు కార్లను 2014, 2015 సంవత్సరములలో ఆ సంస్థయే క్రొత్తగా నిర్మించెను. అవి చక్కనివి, నిక్కమైనవి. కాని అవి 1964ను ఎరుగవు. జీర్ణమైన తాళపత్రమునకు శుద్ధప్రతి వ్రాసికొనుట మంచిదే. అంతమాత్రమున పాత ఆకును పొయ్యిలో వేయు పండితు డుండడు. లేఖకుని గంటము ఎక్కడ తడబడినదో ఆ ఆకే చెప్పవలెను. తొలిపనివాని సుత్తి ఎక్కడ తగిలినదో పాతరేకే చెప్పవలెను.

పాతరేకు మిగిలినంతమాత్రమున పని జరుగదు. దానిని సరిచేయు చేయియు మిగిలియుండవలెను. లిండ్నర్ కారు నలిగిన నలువదియేండ్ల తరువాతగూడ రేకును సుత్తితో పలికించు మనుష్యులు దొరకిరి గనుకనే అది లేచి నిలిచినది.

మన ఉత్తరాంధ్ర తీరమున నేడు ఫైబరు పడవలే విరివిగా కనిపించును. అవి తేలికయైనవి, త్రుప్పుపట్టనివి. యంత్రముతో వేగముగా పోవును. వానిని కొనిన మత్స్యకారుని తప్పుపట్టుట కెవరికిని హక్కు లేదు. ఐనను కుట్టుపడవ పలకలలో రంధ్రము రంధ్రమునకు ఎంత యెడముండవలెనో, త్రాడు నెంత బిగింపవలెనో, ఎంత సాగనీయవలెనో తెలిసిన వృద్ధు లింకను ఎక్కడనైన నున్నచో, తీరపు పాఠశాలల ఉపాధ్యాయులు తమ విద్యార్థులను ఒకనాడు వారియొద్దకు తీసికొనిపోవచ్చును. పడవ కొలతలను కాగితముపై వ్రాసికొనుట సులభమే. బిగువు మాత్రము, త్రాడును పిల్లవాని చేతికిచ్చి, ఆ పెద్దచేయి దానిపై నానించి లాగినప్పుడే తెలియును.