డిష్ మొరాయిస్తే కంగారెందుకు?

సరిగ్గా సీరియల్ వేళకి టీవీలో ‘నో సిగ్నల్’ అని పడితే ఎంత చికాకో మనకి తెలియనిదా! పోయిన వానాకాలం మా ఇంట్లో అదే జరిగింది. అత్తయ్యగారు గోల పెడుతుంటే మావారు ఉరుముల్లోనే డాబా ఎక్కబోయారు. చెయ్యి పట్టుకుని ఆపాను. బొమ్మ పోతే మళ్లీ వస్తుంది, పిడుగు పడితే మనిషి వస్తాడా?

జోరువానకి బొమ్మ పోవడం జబ్బు కాదు. సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తునున్న ఉపగ్రహం నుంచి వచ్చే తరంగాలని వాన చినుకులు మింగేస్తాయి. వాన తెరిపిస్తే అదే వస్తుంది.

తెరిపిచ్చాక కూడా రాకపోతే ఇలా చూడండి. ముందు టీవీ రిమోట్‌లో హెచ్.డి.ఎం.ఐ., ఏ.వి. మారిపోయాయేమో చూసుకోండి, పిల్లలు నొక్కేస్తుంటారు. తర్వాత బాక్సు స్విచ్చి ఆపి, వెనక డిష్ వైరు పిన్ను విప్పండి. డిష్‌కి కరెంటు ఈ వైరులోంచే వెళుతుంది కాబట్టి ఆపడం మరిచిపోకండి. రాగి తీగ పచ్చగా చిలుం పట్టి ఉంటే అంగుళం మేర కత్తిరించి పిన్ను మళ్లీ బిగించండి. చుట్టూ ఉండే అల్లిక తీగ పోగు ఒక్కటైనా నడిమి తీగకి తగలకూడదు.

మా ఇంట్లో దోషం వైరుది కాదు, కోతులది! మర్నాడు ఎండలో చూస్తే డిష్ పక్కకి తిరిగిపోయి ఉంది. డీడీ ఫ్రీ డిష్ అయితే జీశాట్-15 కోసం మన ఊళ్లలో ఆగ్నేయం వైపు చూడాలి. కింద నేను సిగ్నల్ క్వాలిటీ గీత చూస్తూ కేకేస్తే, పైన మావారు వెంట్రుకవాసి చొప్పున జరిపారు.

బొమ్మ నిలిచాక నట్లు బిగించి, క్లాంపు, గొట్టం కలిసేచోట గోళ్లరంగుతో గీత గీశాం. ఇక మళ్లీ కదిలినా గీతకి గీత కలిపితే చాలు. మీరూ ఈరోజే గీసి పెట్టుకోండి, మెకానిక్ ఖర్చు మిగులుతుంది!