గీజరు గొంతులో సున్నం!

కొన్న కొత్తలో పది నిమిషాలకల్లా నీళ్లు పొగలు కక్కేవి. ఇప్పుడు అరగంటైనా గోరువెచ్చగానే ఉంటున్నాయి. పైగా లోపల్నుంచి కటకటమని ఒకటే చప్పుడు. చివరికి ఓ రోజు స్విచ్ వేయగానే కరెంటు ట్రిప్పవుతుంది. మెకానిక్ వచ్చి గీజరు విప్పితే గుప్పెళ్లకొద్దీ తెల్లటి పెచ్చులు రాలతాయి. సున్నపు తొడుగు వేసుకున్న ఎలిమెంటు ఎప్పుడో కాలిపోయి ఉంటుంది. 'కంపెనీ తప్పేం లేదమ్మా, మీ నీళ్లే అంత' అని కొత్త ఎలిమెంటుకు డబ్బులు అడుగుతాడతను.

బోరునీళ్లు వాడే ఇళ్లలో ఇలాంటి కథ ఒకటైనా ఉంటుంది. ఎంత తోమినా స్టీలు గ్లాసు ఆరగానే మచ్చలు తేలతాయి. షవరు చిల్లులు సగం మూసుకుపోయి నీళ్లు నాలుగు దిక్కులా చిమ్ముతాయి. సబ్బు అరిగిపోతుంది కానీ నురగ రాదు. కందిపప్పు ఆరు విజిల్స్ వచ్చినా పలుకుగానే ఉంటుంది. జనం ఉప్పునీళ్లనీ, చవుడు నీళ్లనీ పిలిచే వీటికి బడి పుస్తకంలో పేరు కఠినజలం.

నిజానికి ఇందులో ఉన్నది ఉప్పు కంటే రాయి. వాన చినుకు నేలలోకి ఇంకేటప్పుడు మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని కాస్త ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లమే రాళ్లలోని కాల్షియం, మెగ్నీషియంలను కొద్దికొద్దిగా కరిగిస్తుంది. రాతి సందుల్లో ఎంత ఎక్కువకాలం నిలిస్తే నీటికి అంత కాఠిన్యం. హైదరాబాద్ సంగతే చూడండి. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్, ఆ తర్వాత మంజీర, 2004లో కృష్ణా, 2015లో గోదావరి... ఇలా నగరానికి పైపుల్లో వచ్చినవన్నీ చెరువుల, నదుల నీళ్లు. బోరునీళ్లతో పోలిస్తే సాధారణంగా ఇవి మెత్తన. ఊరు మాత్రం పైపుల్ని దాటి పెరిగింది. కొత్త కాలనీలు నల్లరాతిని వందల అడుగులు తొలిచిన బోర్ల మీదా, ట్యాంకర్ల మీదా ఆధారపడ్డాయి. చాలా అపార్టుమెంట్లలో వంటింట్లో మంచినీళ్ల పంపు, స్నానాల గదిలో బోరు పంపు వేర్వేరుగా ఉండేది అందుకే.

ఏడాదికి రెండు బస్తాలు

తాగే నీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని భారతీయ ప్రమాణాల సంస్థ చెబుతోంది. వేరే దారి లేకపోతే 600 వరకూ ఫర్వాలేదు. లీటరుకు 500 ఉన్న ఇంటి లెక్క చూద్దాం. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున నలుగురికి 540 లీటర్లు. అంటే రోజుకు 270 గ్రాముల రాయి! ఏడాదికి వంద కిలోలకు అటూ ఇటుగా, రెండు సిమెంటు బస్తాల సరుకు ఆ ఇంటి పైపుల గుండా పోతుందన్నమాట. చాలామటుకు తూములోకే వెళుతుంది. చిక్కంతా మిగిలిపోయే ఆ కాస్తతోనే.

ఎక్కడ మిగులుతుంది? వేడి తగిలిన చోట. నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం బైకార్బొనేటు కాగగానే కరగని కార్బొనేటుగా మారి, వేడిగా ఉన్న లోహానికి అంటుకుంటుంది. గార పట్టిన ఎలిమెంటు తన వేడిని నీటికి అందించలేదు. లోపలే ఉడికిపోయి కాలిపోతుంది. వేడినీటితో ఉతికే వాషింగ్ మెషీన్లదీ, ఎలక్ట్రిక్ కెటిల్‌దీ ఇదే గతి. అందుకే గీజరును ఎర్రగీత దాకా తిప్పకుండా 55 డిగ్రీల దగ్గర ఆపితే సగం పోరు తగ్గినట్టే. ఏడాదికోసారి ట్యాంకు కడిగించాలి. లోపలి లోహాన్ని తుప్పు నుంచి కాపాడే మెగ్నీషియం కడ్డీ ఎంత అరిగిందో కూడా అప్పుడే చూపించుకోవాలి. చాలామందికి అలాంటి కడ్డీ ఒకటుందనే తెలియదు!

కాచినా కొంత కాఠిన్యం పోదు. సల్ఫేట్లు, క్లోరైడ్ల రూపంలో ఉన్నది అలాగే ఉంటుంది. పటిక, ఇండుపగింజ వల్లా లాభం లేదు. అవి బురదను తేరుస్తాయి, కరిగిన రాయిని కాదు. పప్పు సంగతికొస్తే, గింజల్లోని పెక్టిన్‌ను కాల్షియం బిగించేస్తుంది, అందుకే మెత్తబడదు. వంటసోడా చిటికెడు వేస్తే ఉడుకుతుంది కానీ బి1 విటమిన్ నష్టపోతాం. పప్పు నానబెట్టడానికీ, ఉడికించడానికీ మంచినీళ్లు వాడటం మేలు.

యాసిడ్ జోలికి వెళ్లొద్దు

గార కనిపించగానే చాలా ఇళ్లలో చేయి వెళ్లేది బాత్రూమ్ యాసిడ్ సీసా మీదికి. బుస్సుమని పొంగి మచ్చ పోతుంది, నిజమే. దాంతోపాటే టైల్స్ మధ్య సిమెంటూ, పంపుల మెరుపూ పోతాయి. అంతకన్నా భయపడాల్సింది వేరే ఉంది. అదే గచ్చు మీద బ్లీచింగ్ పౌడరు కూడా చల్లితే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపులు మూసిన చిన్న స్నానాల గదిలో అది ప్రాణం మీదికే తెస్తుంది. ఈ రెండూ ఎప్పుడూ కలవకూడదు.

దీనికి వంటింటి పులుపే చాలు. షవరు తల విప్పి, సగం వెనిగర్ సగం నీళ్లలో రెండు మూడు గంటలు నానబెట్టి పాత బ్రష్షుతో రుద్దితే చిల్లులు తెరుచుకుంటాయి. కెటిల్‌లో లీటరు నీటికి రెండు చెంచాల నిమ్మఉప్పు వేసి మరిగించి, అరగంట ఉంచి, రెండుసార్లు కడిగేయాలి. పాలరాతి మీద మాత్రం వెనిగరూ వద్దు. అదీ కాల్షియమే, కరిగిపోతుంది.

ఇక ఆరోగ్యం. నీళ్ల యంత్రాలు అమ్మేవాళ్లు మొదట పెట్టే భయం ఇదే. కాల్షియం, మెగ్నీషియం ఒంటికి కావలసిన ఖనిజాలే. కఠినజలం తాగడంవల్ల హాని జరుగుతుందనడానికి గట్టి ఆధారాల్లేవని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. కిడ్నీలో రాళ్ల భయం ఉన్నవాళ్లు అసలు చూసుకోవాల్సింది నీళ్లు తక్కువ తాగకుండా ఉండటం. చర్మం పొడిబారడం, జుట్టు బిరుసెక్కడం మాత్రం చాలామంది అనుభవమే. సబ్బు, కాల్షియం కలిసి కరగని తెట్టుగా మారి అంటుకుంటాయి. అయితే బ్రిటన్‌లో ఎగ్జిమా ఉన్న 336 మంది పిల్లలపై చేసి 2011లో వెలువరించిన అధ్యయనంలో, ఇంట్లో సాఫ్టెనర్ పెట్టినందువల్ల అదనపు మేలేమీ కనిపించలేదు.

ఆ సాఫ్టెనర్ పనిచేసే తీరు తెలిస్తే కొనాలో వద్దో తేల్చుకోవచ్చు. అందులోని రెసిన్ పూసలు కాల్షియంను పట్టుకుని సోడియంను వదులుతాయి. కొన్నాళ్లకోసారి ఉప్పునీటితో కడిగితే మళ్లీ సిద్ధమవుతాయి. గీజరు, వాషింగ్ మెషీన్ లైనుకు అది భేష్. వంటింటి పంపుకు వద్దు, రక్తపోటు ఉన్నవాళ్లున్న ఇంట్లో అసలే వద్దు. పైపుకు అయస్కాంతం తగిలిస్తే చాలనే పరికరాలకు నమ్మదగ్గ రుజువుల్లేవు. ఆర్వో యంత్రం కాఠిన్యాన్ని తీసేస్తుంది కానీ లీటరు మంచినీటికి రెండు మూడు లీటర్లు బయటికి వదులుతుంది. ఆ నీళ్లు ఇంకా కఠినం. గచ్చు కడగడానికి పనికొస్తాయి.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది పరీక్ష. అమ్మకందారు జేబులోంచి తీసే టీడీఎస్ మీటరు కరిగినవన్నీ కలిపి ఒక అంకె చూపిస్తుంది. అందులో కాఠిన్యమెంతో విడిగా చెప్పదు. ఫ్లోరైడ్ గురించి అసలే చెప్పదు. నల్గొండ, ప్రకాశం లాంటి జిల్లాల బోరునీళ్లలో పళ్లనూ ఎముకలనూ దెబ్బతీసింది ఈ ఫ్లోరైడే. గ్లాసు మీద మచ్చ పెట్టదు, పప్పును ఆపదు, రుచికీ దొరకదు. మామూలు సాఫ్టెనర్‌తో పోదు. కొత్త బోరు వేసినా, బోరున్న ఇంట్లోకి అద్దెకు దిగినా, సీసాడు నీళ్లు ప్రయోగశాలకిచ్చి కాఠిన్యం, ఫ్లోరైడ్, నైట్రేటు మూడూ రాయించుకోవాలి. ఏ యంత్రం కొనాలో, అసలు కొనాలో వద్దో ఆ కాగితం చూశాకే.