పాల వ్యాను టర్బోను మార్పిస్తే డీజిలు మిగులుతుందా?

సభ్యులు పోసే ప్రతి లీటరు పాల మీద రవాణా ఖర్చు పడుతుంది. పాలు సేకరించే వ్యాను ఎక్కువ డీజిలు తాగితే ఆ భారం ముందు సంఘం మీద, తరువాత సభ్యుని మీద పడుతుంది. అందువల్ల "టర్బోను కొంచెం మార్పించండి, మైలేజి పెరుగుతుంది" అని ఎవరైనా మెకానిక్కు చెప్పినప్పుడు పాలకవర్గానికి ఆశ కలగడం సహజమే. ఆ మాటలో నిజమెంతో, నష్టమెంతో ఇక్కడ వివరిస్తున్నాము.

టర్బో చేసే పని

ఒక లీటరు డీజిలు పూర్తిగా మండాలంటే కనీసం పది వేల లీటర్ల గాలి కావాలి. గాలి చాలకపోతే డీజిలు సగం మండి, నల్లటి పొగగా బయటకు పోతుంది. కమ్మరి కొలిమి తిత్తి ఎందుకు ఊదుతాడో మనకు తెలుసు. టర్బో కూడా ఇంజనుకు అటువంటి తిత్తే. అయితే దీనిని ఊదడానికి వేరే మనిషి అక్కరలేదు. ఇంజను నుంచి వేగంగా బయటకు పోయే వేడి పొగే ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండవ వైపున వున్న చక్రం బయటి గాలిని లాగి, నొక్కి, ఇంజనులోకి పంపుతుంది. వృథాగా పోయే శక్తిలో కొంత ఈ విధంగా తిరిగి పనికి వస్తుంది. స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూషీ 1905లో ఈ పద్ధతికి పేటెంటు పొందాడు.

నొక్కిన గాలి వేడెక్కుతుంది, వేడెక్కిన గాలి పలచబడుతుంది. కావున చాలా వాహనాలలో ఆ గాలిని చల్లబరచడానికి ఇంటర్‌కూలర్ వుంటుంది. ఒత్తిడి హద్దు మీరకుండా కొంత పొగను చక్రానికి తగలకుండా పక్కదారిన వదిలే తలుపు కూడా వుంటుంది. దానిని వేస్ట్‌గేట్ అంటారు.

మార్పులు ఎన్ని రకాలు?

మొదటిది, వేస్ట్‌గేట్ కడ్డీని బిగించి గాలి ఒత్తిడి పెంచడం. ఇంజను గాలి చాలక పొగ వదులుతున్నప్పుడు దీనివల్ల కొంత మేలు కనపడవచ్చు. కాని మంచి స్థితిలో వున్న డీజిలు ఇంజనులో అవసరానికి మించిన గాలి ముందే వుంటుంది. అక్కడ ఇంకా గాలి నింపినందువల్ల డీజిలు పెద్దగా మిగలదు. పైగా పొగ బయటకు పోయే దారిలో ఒత్తిడి పెరిగి, దానిని నెట్టడానికే ఇంజను అదనంగా శ్రమపడుతుంది.

రెండవది, గాలితోపాటు పంపు వద్ద డీజిలును కూడా పెంచడం. దీనితో బండి లాగుడు పెరుగుతుంది, డ్రైవరుకు సంతోషం కలుగుతుంది. కాని లాగుడు వేరు, పొదుపు వేరు. డీజిలు ఎక్కువ పోసినందువల్ల వచ్చిన బలం పొదుపు కాదు. ఇంజను వేడి పెరిగి పిస్టన్లకు, హెడ్ గ్యాస్కెట్‌కు ముప్పు కూడా కలుగుతుంది.

మూడవది, పెద్ద టర్బో అమర్చడం. హైవే మీద ఒకే వేగంతో గంటల తరబడి పోయే లారీకి దీనివల్ల కొంత లాభం వుండవచ్చు. మన వ్యాను సంగతి వేరు. ప్రతి ఊరిలో ఆగాలి, క్యాన్లు ఎక్కించుకోవాలి, మళ్ళీ కదలాలి. పెద్ద చక్రం వేగం అందుకోవడానికి సమయం పడుతుంది. అంతవరకు గాలి చాలదు, నల్ల పొగ వస్తుంది, కదిలిన ప్రతిసారీ డీజిలు వృథా అవుతుంది.

లెక్క వేసి చూద్దాము

వ్యాను రోజుకు 100 కిలోమీటర్లు తిరుగుతూ లీటరుకు 10 కిలోమీటర్లు ఇస్తున్నదనుకుందాము. మెకానిక్కు మాట నిజమై మైలేజి 10.5కు పెరిగితే రోజుకు మిగిలేది సుమారు అర లీటరు, ఏడాదికి సుమారు 174 లీటర్లు. ఇప్పుడు రెండవ వైపు చూడండి. అదే వ్యానులో 40 లీటర్ల క్యాన్లు 30 వుంటే 1,200 లీటర్ల పాలు. మార్చిన టర్బో ఎండాకాలంలో ఒక్క పూట దారిలో చెడితే, రెండు మూడు గంటల్లో శీతలీకరణ కేంద్రం చేరవలసిన ఆ పాలు విరిగిపోతాయి. అవి ఏ ఒక్కరివో కావు, తెల్లవారకముందే లేచి పితికిన సభ్యులందరివీ. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లు కాకూడదు.

చట్టాన్ని కూడా గమనించాలి. తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు, రిజిస్ట్రేషన్ పత్రానికి తేడా వచ్చేటట్లు వాహనాన్ని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ నిషేధిస్తున్నది. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన బి.ఎస్.6 ప్రమాణాల వాహనాలలో గాలినీ డీజిలునూ కంప్యూటరే నియంత్రిస్తుంది. పొగలోని మసిని పట్టే ఫిల్టరు కూడా వుంటుంది. వాటి జోలికి పోతే ఖర్చు మరీ ఎక్కువ.

డీజిలు నిజంగా మిగలాలంటే

టర్బోను మార్చవద్దు, కాపాడుకోండి. దాని ఇరుసు నిమిషానికి లక్ష సార్లకు పైగా తిరగగలదు. పలుచని ఆయిలు పొర మీదనే అది నిలబడి వుంటుంది. కావున సంఘాలు ఈ క్రింది విషయాలు పాటించాలి.

1. ఇంజను ఆయిలును, ఆయిలు ఫిల్టరును పుస్తకంలో చెప్పిన కిలోమీటర్లకే మార్చాలి. చెప్పిన రకమే పోయాలి.

2. ఉదయం స్టార్టు చేసిన వెంటనే గట్టిగా యాక్సిలరేటరు తొక్కరాదు. బరువుతో దూరం వచ్చాక ఒకటి రెండు నిమిషాలు నెమ్మదిగా తిరగనిచ్చి ఇంజను ఆపాలి. వెంటనే ఆపితే వేడికి ఆయిలు మాడి ఇరుసుకు పట్టుకుంటుంది.

3. మట్టి రోడ్ల మీద తిరిగే వ్యానుకు గాలి ఫిల్టరు త్వరగా మూసుకుపోతుంది. తరచు చూడాలి. ఫిల్టరు లేకుండా ఒక్క రోజు కూడా నడపరాదు. దుమ్ము చక్రాల రెక్కలను తినివేస్తుంది.

4. టర్బో నుంచి ఇంజనుకు వెళ్ళే రబ్బరు గొట్టాలు చిట్లినా, క్లిప్పులు వదులైనా నొక్కిన గాలి బయటకు పోతుంది. "బుస్సు"మనే శబ్దం, లాగుడు తగ్గడం, నల్ల పొగ దీనికి గుర్తులు. చాలాసార్లు చిన్న క్లిప్పు బిగించడంతోనే మైలేజి తిరిగి వస్తుంది.

5. నాజిళ్ళు పరీక్ష చేయించాలి. టైర్లలో గాలి సరిగా వుంచాలి. బ్రేకులు పట్టుకుపోకుండా చూడాలి.

మైలేజిని అంచనాతో చెప్పరాదు. ట్యాంకు నిండా పోయించి మీటరు రీడింగు వ్రాయండి. నాలుగు రోజులు మామూలు దారిలోనే నడిపి, అదే బంకులో మళ్ళీ నిండా పోయించండి. తిరిగిన కిలోమీటర్లను రెండవసారి పట్టిన లీటర్లతో భాగిస్తే అసలు లెక్క వస్తుంది. ప్రతి నెలా ఇట్లా చేసి లాగ్ పుస్తకాన్ని పాలకవర్గ సమావేశంలో పెట్టండి. వ్యాను అద్దెదైనా ఈ పుస్తకం సంఘం వద్ద వుండడం మంచిది. అద్దె రేటు మాట్లాడేటప్పుడు మన చేతిలో లెక్క వుంటుంది. మైలేజి 10 నుంచి 9కి పడిపోతే ఏడాదికి 400 లీటర్ల డీజిలు అదనంగా కాలుతుంది. ఆ పడిపోవడాన్ని మొదటి నెలలోనే పట్టుకోగలిగితే, ఏ మార్పు చేసినా రానంత పొదుపు సంఘానికి దక్కుతుంది.