పాచికలు కూర్చు వాక్యములు

వ్యాకరణమనిన మన విద్యార్థులలో పెక్కుమందికి భయము. తప్పులు పట్టుటకే యది పుట్టినదని వారి తలంపు. కాని దాని సూత్రములను వరుసగా ప్రయోగించి క్రొత్త వాక్యములను పుట్టింపవచ్చును. కంప్యూటరు శాస్త్రజ్ఞులు ఈ రెండవ పనిని ఎట్లు వినియోగించుకొనుచున్నారో యిచట వివరింతుము.

మనుష్యుడు వ్రాసిన ప్రోగ్రామును యంత్రమునకు దెలియు భాషలోనికి మార్చు సాధనమునకు కంపైలరని పేరు. ఇది ద్విభాషివంటిది. ద్విభాషి సాక్షి చెప్పిన మాటను మార్చి చెప్పినచో న్యాయాధిపతి యెరుగజాలడు. అటులనే కంపైలరు పొరబడినచో, ప్రోగ్రాము వ్రాసినవాడు తన వ్రాతలోనే తప్పున్నదని యెంచి దినములకొలది వెదకుచుండును. కావున దానిని ముందుగా పరీక్షింపవలెను.

అక్షరములను చిందరవందరగా గ్రుమ్మరించి యిచ్చిన ప్రయోజనము స్వల్పము. ఇది వాక్యము కాదని కంపైలరు వాకిటనే త్రోసివేయును. వ్యాకరణశుద్ధమైన వాక్యములే లోపలికి బోయి దాని పనితనమును శోధింపగలవు.

ఒక చిన్న వ్యాకరణమును చూతము. గణితవాక్యమనగా (1) ఒక అంకె. లేక (2) కుండలీకరణములలో రెండు గణితవాక్యముల కూడిక. లేక (3) అట్లే రెండింటి గుణకారము. పాచికపై 1, 2 పడిన మొదటి సూత్రమును, 3, 4 పడిన రెండవదానిని, 5, 6 పడిన మూడవదానిని గైకొందము. మొదట 3 పడినదనుకొనుడు: కూడిక. దాని యెడమభాగమునకు 1: అంకె. కుడిభాగమునకు 6: గుణకారము. ఈ గుణకారపు రెండు భాగములకును 2, 1 పడినవి: రెండును అంకెలే. తోచిన అంకెలను బెట్టిన (7 + (4 × 2)) అను వాక్యము సిద్ధమైనది.

ఇందు మూడు చిక్కులు గలవు. మొదటిది: ప్రతి కూడికయు, గుణకారమును రెండేసి క్రొత్త స్థానములను దెరచును. పై విధముగ పాచిక వేయుచుబోయిన, సగము వాక్యములు ఎన్నటికిని ముగియవని లెక్క తేలుచున్నది. పాచిక ఆరు ముఖములలో నాల్గింటిని అంకెకే కేటాయించిన ఈ బాధ తీరును. లేదా, వాక్యము కొంత లోతునకు బోయినపిమ్మట అంకెలను మాత్రమే యనుమతింపవచ్చును.

రెండవది అర్థమునకు సంబంధించినది. “బల్ల ఆకాశమును త్రాగెను” అనుటలో వ్యాకరణదోషము లేదు, అర్థమును లేదు. తీసివేతను, భాగహారమును చేర్చిన మన వ్యాకరణమునుండి 8 ÷ (3 − 3) పుట్టవచ్చును. సున్నచే భాగించుటకు విలువ లేదు గనుక, ‘సి’ భాషలో ఇట్టి ప్రోగ్రామునకు కంపైలరు ఏమి చేసినను తప్పు పట్టరాదు. కనుక అట్టివానిని రానీయకుండ కాపు పెట్టవలెను.

మూడవది: జవాబు సరియైనదని చెప్పువారెవరు? ఒకే ప్రోగ్రామును వేర్వేరు కంపైలరులకిచ్చి, వచ్చిన ఫలితములను పోల్చుదురు. భేదము గనబడిన, వానిలో నొకటియైనను తప్పినదని నిశ్చయము.

1972లో పర్డమ్ అనునతడు, వ్యాకరణములోని ప్రతి సూత్రమును ఒక్కసారియైన వాడునట్టి కొలది చిన్న వాక్యములను పుట్టించు పద్ధతిని ప్రకటించెను. 2011లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయమువారు ‘సీస్మిత్’ అను తమ సాధనమును గూర్చి వ్రాసిరి. అది ‘సి’ భాషలో యాదృచ్ఛికముగ ప్రోగ్రాములను కూర్చును. మూడేండ్లలో వారు అంతకుముందు తెలియని 325కు మించిన దోషములను కంపైలరు నిర్మాతలకు తెలిపిరి. వారు పరీక్షించిన ప్రతి కంపైలరును నిర్దుష్టమైన ప్రోగ్రామును సైతము, ఏ హెచ్చరికయు లేకుండ, తప్పుగా మార్చిన సందర్భములు కనబడెను.

అన్ని కంపైలరులును ఏకముగ పొరబడిన ఈ పోలిక వలన తెలియదు. కాబట్టి పరీక్షలో నెగ్గినంతమాత్రమున దోషరహితమని చెప్పరాదు. అయినను మానవునికి తోచని వింత వాక్యములను పాచిక విసుగులేక తెచ్చి యిచ్చుచున్నది. పై మూడు సూత్రములతో మన విద్యార్థులు ఇంటివద్దనే పాచిక వేసి, పది వాక్యములు కూర్చి చూతురుగాక.