పగిలిన డిప్ప కింద

శ్రీకాకుళం పట్టణానికి 15 కిలోమీటర్ల లోపే, గార మండలంలో ఉంది శ్రీకూర్మం. విష్ణుమూర్తిని కూర్మరూపంలో కొలిచే గుళ్లలో ఇంత పేరున్నది ఇంకొకటి లేదు. కూర్మనాథుడి దర్శనం అయ్యాక పిల్లలు పెద్దల చేయి వదిలించుకుని పరుగెత్తేది మాత్రం ఆవరణలో పెంచే నక్షత్ర తాబేళ్ల దగ్గరికి. నల్లటి డిప్ప మీద ప్రతి బుడిపె నుంచీ పసుపు చారలు కిరణాల్లా విచ్చుకుని ఉంటాయి. చూసి ఇంటికెళ్లిన పిల్లవాడు మనమూ ఒకటి పెంచుదామని మారాం చేస్తాడు. తాబేలు ఇంట్లో ఉంటే కలిసొస్తుందని నమ్మే పెద్దవాళ్లూ ఉన్నారు. అలా వచ్చిందో, వానాకాలంలో చెరువు గట్టు దాటి వీధిలోకి వస్తే పిల్లలు పట్టుకొచ్చిందో, ఉత్తరాంధ్ర ఊళ్లలో పెరటి నూతి దగ్గర ఒక తాబేలు తిరుగుతూ కనబడడం కొత్తేమీ కాదు.

అలాంటి తాబేలుకు దెబ్బ తగిలినప్పుడే అసలు చిక్కు. స్కూటర్ వెనక్కి తీస్తుంటే చక్రం కిందికి వస్తుంది. పిట్టగోడ మీద పెడితే కింద పడుతుంది. వీధి కుక్క ఎముక ముక్క అనుకుని అంచులు కొరికేస్తుంది. చాలామంది "పైన డిప్పే కదా పగిలింది, లోపల బాగానే ఉంది" అనుకుని వదిలేస్తారు. ప్రాణం మీదికి తెచ్చేది ఆ మాటే.

తాబేలుకు డిప్ప ఇల్లు కాదు, ఒళ్లు. దాని వెన్నెముకా, పక్కటెముకలూ వెడల్పయి, ఒకదానితో ఒకటి కలిసిపోయి పై డిప్ప అయ్యాయి. పైదీ కిందిదీ కలిపి చూస్తే అందులో 50కి పైగా ఎముకలున్నాయి. మనకు భుజం ఎముకలు పక్కటెముకలకు బయట ఉంటాయి. తాబేలుకు అవి పక్కటెముకల గూటి లోపల ఉంటాయి. వెన్నెముక ఉన్న జంతువుల్లో ఈ అమరిక ఇంక దేనికీ లేదు. ఎముక మీద మనకు కనిపించే పలకలు మన గోళ్లలో ఉండే కెరటిన్‌తోనే తయారవుతాయి. ఆ పలకల కింద రక్తనాళాలున్నాయి, నరాలున్నాయి. వేలితో నెమ్మదిగా రాస్తే దానికి తెలుస్తుంది. పగిలితే నొప్పి పుడుతుంది. అరవదు కాబట్టి మనకు వినబడదు, అంతే. అందుచేత డిప్ప పగుళ్లను పశువైద్యులు తోలు చీలి ఎముక బయటపడిన దెబ్బ లెక్కలోనే చూస్తారు. మన కాలికి అలాంటిది జరిగితే రెండు రోజులు చూద్దాంలే అని ఊరుకోం కదా.

గాయాన్ని దగ్గర నుంచి చూడగలిగితే మంచిది. పగులు ఎక్కడుందో అదే చాలా సంగతి చెబుతుంది. అంచున ఒక ముక్క ఊడితే ప్రమాదం తక్కువ. నడిమధ్యన, తల నుంచి తోక వైపు పోయే గీత మీద పగిలిందంటే దాని కిందే వెన్నుపాము ఉంది. వెనక కాళ్లు కదుపుతోందా, తోక పట్టుకుంటే లాక్కుంటోందా అని చూడాలి. ఊపిరితిత్తులు పై డిప్పకు లోపలి వైపు ఆనుకునే ఉంటాయి కాబట్టి వీపు మీది లోతైన పగులులో బుడగలు కనబడితే ఊపిరితిత్తి చిరిగినట్టే. ఇక్కడ తాబేలుకు ఒక అదృష్టం ఉంది. మన ఛాతీకీ పొట్టకూ మధ్య ఉండి ఊపిరిని నడిపే డయాఫ్రం దానికి లేదు. మనకు ఛాతీకి చిల్లు పడితే ఊపిరితిత్తి ముడుచుకుపోతుంది. తాబేలు కాళ్ల మొదళ్లలో, పొట్టలో ఉన్న కండరాలతో గాలి పీలుస్తుంది కాబట్టి డిప్ప తెరుచుకుపోయినా చాలాసార్లు ఊపిరి సాగుతూనే ఉంటుంది. ముందుకాళ్ల సందులో చర్మం లోపలికీ బయటికీ ఆడుతోందేమో చూడండి. అదే దాని శ్వాస.

డాక్టరు దగ్గరికి చేరేలోపు ఇంట్లో చేయాల్సింది కొంచెమే. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టాలి. మట్టి అంటి ఉంటే మందుల షాపులో దొరికే సెలైన్‌తో కడగాలి. పగులు పైపైనే ఉంటే, లేత టీ రంగు వచ్చేంతగా నీళ్లలో పలచన చేసిన బెటాడిన్ తుడవవచ్చు. లోపలి భాగాలు కనబడుతుంటే అదీ వద్దు, సెలైన్‌తో తడిపిన గుడ్డ కప్పితే చాలు. ఊడిన ముక్కలుంటే పారేయకుండా తడిగుడ్డలో చుట్టి వెంట తీసుకెళ్లాలి. చిల్లులున్న అట్టపెట్టెలో పాత తువ్వాలు పరిచి నీడలో ఉంచాలి. నీళ్లలో వదలకూడదు, నీటి తాబేలైనా సరే. ఈగల సంగతి మరీ మరీ చెప్పాలి. మన కోస్తా ఉక్కలో పచ్చి గాయం మీద ఈగ వాలితే ఒక్క రోజులోనే పురుగు పడుతుంది. అందుకే పెట్టె మీద దోమతెర ముక్క తప్పనిసరి.

పసుపు మెత్తడం, ముగ్గుపిండి చల్లడం ప్రేమతో చేసే పనులే. కానీ పొడి పగులులో ఇరుక్కుని ముద్దకడితే దాన్ని కడిగి తీయడానికి డాక్టరు మళ్లీ గాయాన్ని రేపాల్సి వస్తుంది. పైపుల లీకేజీకి వాడే ఎంసీల్, ఇన్‌స్టంట్ గమ్ము పూయడం ఇంకా చెరుపు. పైకి అతుక్కున్నట్టే ఉంటుంది. లోపల క్రిములకు గాలి, వెలుతురు లేని చీకటి గది కట్టిచ్చినట్టవుతుంది. ఒకప్పుడు వైద్యులే ఫైబర్ గుడ్డ, ఎపాక్సీ వేసి మూసేవారు. ఇప్పుడు గాయాన్ని తెరిచి ఉంచి, రోజూ శుభ్రం చేస్తూ, విరిగిన అంచులను మాత్రం దగ్గరికి లాగి నిలబెట్టే పద్ధతికి మొగ్గుతున్నారు. దానికి తీగలు, చిన్న స్క్రూలు వాడతారు. 2019లో అమెరికాలోని ఒక సంరక్షణ కేంద్రం, లోదుస్తులకు ఉండే చిన్న లోహపు కొక్కేలు పంపండని జనాన్ని అడిగింది. పగులుకు అటూ ఇటూ కొక్కేలు అతికించి, వాటి మధ్య తీగ బిగించి అంచులు కలపడానికి. అంతకు ముందు ఏడాది బాల్టిమోర్‌లోని మేరీల్యాండ్ జూ వైద్యులు, పొట్ట కింది డిప్ప విరిగిన ఒక తాబేలుకు లెగో ముక్కలతో చక్రాల బండి కట్టారు. కింది డిప్ప నేలకు రాసుకుంటూ ఉంటే అతకదు, నడవకుండా ఉంచితే కండరాలు పోతాయి. ఆ రెంటికీ బండే జవాబు అయింది. ఖరీదైన సామగ్రి లేదని చేతులెత్తేసే పని లేదని ఈ రెండూ చూపిస్తాయి.

అసలు కష్టం ఓపికది. తాబేలు ఒంటి వేడి బయటి వేడిని బట్టి ఉంటుంది. చలిలో ఉంటే రోగనిరోధక శక్తి మందగిస్తుంది, మందు కూడా ఒంట్లో సరిగా పని చేయదు. ధనుర్మాసపు రాత్రుల్లో సిమెంటు నేల మీద వదిలేస్తే ఎంత మంచి మందైనా వృథా. ఒంట్లో మార్పులన్నీ నిదానం కాబట్టి కొన్ని ఇంజెక్షన్లు రెండు మూడు రోజులకొకటే ఇస్తారు. మరిచిపోయి అలా చెప్పారని అనుకోకండి. వెనక కాళ్ల రక్తం మూత్రపిండాల మీదుగా పోయే దారి ఉంది కాబట్టి సూది ముందుకాలికే వేస్తారు. ఎముక అతకడానికి నెలలు పడుతుంది, పెద్ద పగులైతే ఏడాది దాటుతుంది. ఆ మధ్యలో చచ్చిన పలక ఒకటి పెచ్చులా లేచి ఊడివస్తే భయపడక్కర్లేదు. కింద కొత్త కెరటిన్ లేత రంగులో కనబడితే అది మానుతున్న గుర్తు. వాసన వస్తే, పసుపుపచ్చటి చీము కనబడితే, తిండి మానేస్తే అది వేరే సంగతి.

కోల్‌కతా అలీపూర్ జంతుశాలలో అద్వైత అనే అల్డాబ్రా జాతి రాక్షస తాబేలు ఉండేది. దానికి 250 ఏళ్లకు పైబడి ఉంటాయని అక్కడివారి నమ్మకం. 2006 మార్చిలో అది చనిపోయింది. అంతకు కొన్ని నెలల ముందు డిప్ప పగిలి, ఆ పగులు కింది మాంసంలో పుండు పడింది. అన్నేళ్లు కాలాన్ని తట్టుకున్న ప్రాణి కూడా డిప్ప పగుళ్ల ముందు ఎంత బలహీనమో దాని కథ చెబుతుంది.

పెంచేవాళ్ల మనసులో ఇంకో గుబులు కూడా ఉంటుంది, పైకి చెప్పరు. ఆసుపత్రికి తీసుకెళ్తే కేసు పెడతారేమోనని. ఆ భయానికి కారణం లేకపోలేదు. నక్షత్ర తాబేలు వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. మన చెరువుల్లో, పొలాల్లో తిరిగే, వెనక కాళ్లను తోలు మడతలతో మూసుకునే నీటి తాబేలూ అందులోదే. వాటిని ఇంట్లో పెంచడం నేరం. కనీసం 3 ఏళ్ల జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా. అంతర్జాతీయ వ్యాపారం మీద 2019లో నక్షత్ర తాబేలుకు అత్యంత కఠినమైన నిషేధం వచ్చింది, పెంపుడు జంతువుల కోసం దొంగరవాణా అంత విపరీతంగా సాగుతోంది కనుకనే. కానీ అదే చట్టంలో, వన్యప్రాణి చేతికి వచ్చినవారు 48 గంటల్లోగా దగ్గరి పోలీసు స్టేషనుకో, అటవీ అధికారికో తెలియజేయాలని ఉంది. రోడ్డు మీద దెబ్బ తిన్న దాన్ని కాపాడి, వెంటనే కబురు చేసేవారికి చట్టం వేసిన దారి అది. భయపడి దాచిపెట్టి, గాయం కుళ్లాక పెంటకుప్ప దగ్గర వదిలేయడమే అన్నిటికంటే ఘోరం. నా ఉద్దేశంలో దెబ్బ తగిలిన రోజే దాన్ని ఇంట్లోంచి అటవీ శాఖకు అప్పగించడం నిజమైన ప్రేమ. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, విశాఖలో ఇందిరాగాంధీ జంతుశాల ఉంది. ఏ డాక్టరు దగ్గరికి పంపాలో అటవీ సిబ్బంది చూసుకుంటారు.

వాళ్లకు అప్పగించేటప్పుడు ఒక కాగితం ముక్క మీద కొన్ని వివరాలు రాసివ్వండి. దెబ్బ ఎప్పుడు తగిలింది, ఎలా తగిలింది, ఆ తర్వాత ఏం తిన్నది, ఏ మందు పూశారు. చెరువు తాబేలైతే ఆ చెరువు పేరు, ఊరు, ఏ గట్టు దగ్గర దొరికిందో కూడా. మానాక దాన్ని వదలాల్సింది దానికి తెలిసిన ఆ నీళ్లలోనే.