టాయిలెట్ మార్చాలా, మరమ్మతు చాలా? 20 నిమిషాల్లో తేల్చుకోవచ్చు

రాత్రి నింపిన ఓవర్‌హెడ్ ట్యాంకు ఫజర్ వేళకు సగానికి దిగిపోతుంది. వజూకు నల్లా తిప్పితే సన్నటి ధార. ఇంట్లో ఎక్కడా లీకేజీ కనిపించదు. ఇలాంటప్పుడు మొదట అనుమానించాల్సింది టాయిలెట్ ఫ్లష్ ట్యాంకునే. నీళ్లు చప్పుడు లేకుండా కమోడ్ గోడ వెంట జారి డ్రైనేజీలో కలిసిపోతుంటాయి.

ప్లంబర్‌ని పిలిస్తే "పాతదైపోయింది, మొత్తం మార్చేయండి" అనొచ్చు. ఒక్కోసారి అది నిజమే. చాలాసార్లు మాత్రం చిన్న వాషర్ మారిస్తే సరిపోతుంది. తేడా తెలిస్తే డబ్బులూ నీళ్లూ మిగులుతాయి.

ముందు ఈ పరీక్ష చేయండి

ఫ్లష్ ట్యాంకు మూత తీయండి. లోపల నిలువుగా ఉన్న గొట్టం పైనుంచి నీళ్లు పొంగి పోతుంటే తప్పు బాల్ కాక్‌ది. అలా పొంగకపోతే, బిర్యానీలో వేసే ఫుడ్ కలర్ చిటికెడు ట్యాంకు నీళ్లలో కలపండి. 20 నిమిషాలు ఎవరూ ఫ్లష్ చేయకూడదు. తర్వాత కమోడ్‌లో రంగు కనిపిస్తే ట్యాంకు అడుగున ఉన్న వాషర్ పోయినట్టే.

బాల్ కాక్, వాషర్, ఫ్లష్ బటన్, సీటు మూత, నీళ్ల పైపు ఇవన్నీ విడిగా దొరుకుతాయి. వీటి కోసం కమోడ్ పగలగొట్టాల్సిన పనిలేదు.

ఎప్పుడు మార్చాల్సిందే?

పగులు: పింగాణీకి వెంట్రుకంత చీలిక వచ్చినా తేలిగ్గా తీసుకోవద్దు. పైన సీలెంట్ రాసినా ఎక్కువ రోజులు ఆగదు. బరువు పడినప్పుడల్లా చీలిక పెరుగుతుంది, ఒక్కసారిగా విరిగితే గాయాలవుతాయి.

అడుగున తడి: కమోడ్ కదులుతుంటే ముందు స్క్రూలు బిగించి, చుట్టూ వైట్ సిమెంట్ కొత్తగా వేయించాలి. అయినా తడి వస్తుంటే కమోడ్ ఎత్తి జాయింట్ చూడాల్సిందే. అది మురికి నీరు. పరిశుభ్రత, తహారత్ సంగతి అలా ఉంచితే, అపార్ట్‌మెంట్లలో ఆ నీరు కింది ఫ్లాట్ సీలింగ్‌లోకి దిగుతుంది. పొరుగువారికి ఇబ్బంది, స్లాబుకు నష్టం.

మెరుపు పోవడం: బోరు నీళ్లలోని లవణాలు అంచు కింది రంధ్రాల్లో పేరుకుపోతే ఫ్లష్ బలం తగ్గుతుంది. ముందు శుభ్రం చేయించి చూడాలి. పైపూత అరిగి, ఎంత రుద్దినా మరకలు మళ్లీ పడుతుంటే మార్చడమే మేలు. యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ ఎప్పుడూ కలపకూడదు. విషవాయువు పుడుతుంది. మూసిన బాత్రూమ్‌లో అది ప్రాణాల మీదికి తెస్తుంది.

తరచూ జామ్ కావడం: ఒక్క టాయిలెటే జామ్ అవుతుంటే లోపం అందులో ఉండొచ్చు. మిగతా బాత్రూమ్‌లలోనూ నీళ్లు నిలుస్తుంటే లోపం డ్రైనేజీ లైన్‌దో, బయటి చాంబర్‌దో. కొత్త కమోడ్ పెట్టినా ఫలితం ఉండదు.

పెద్దవాళ్ల మోకాళ్లు: టాయిలెట్ బాగానే ఉన్నా అమ్మీ, అబ్బా, దాదీ, నానీ ఇండియన్ సీటు మీద కూర్చుని లేవలేకపోతే అదీ మార్చడానికి తగిన కారణమే. జారిపడి ఎముక విరిగాక చేసే ఖర్చుతో పోలిస్తే ఇది తక్కువ. అద్దె ఇంట్లో ఉంటే ప్రస్తుతానికి ఇండియన్ సీటు మీద పెట్టుకునే కమోడ్ కుర్చీ తెచ్చుకోవచ్చు. గోడకు పట్టుకునే స్టీలు రాడ్ ఎక్కడైనా అవసరమే.

నీళ్ల లెక్క

పాత ట్యాంకుల్లో చాలావాటికి ఒక్కో ఫ్లష్‌కు 10 లీటర్లు పోతాయి. ఐదుగురున్న ఇంట్లో మనిషికి 5 సార్లు అనుకుంటే రోజుకు 250 లీటర్లు. ఇప్పుడొచ్చే రెండు బటన్ల ట్యాంకుల్లో పెద్ద బటన్‌కు 6, చిన్న బటన్‌కు 3 లీటర్లు సాధారణం. ఒక్కొక్కరు పెద్దది ఒకసారి, చిన్నది నాలుగుసార్లు నొక్కితే 90 లీటర్లే. రోజుకు 160, నెలకు 4,800 లీటర్లు ఆదా. అంటే దాదాపు ఒక 5 వేల లీటర్ల ట్యాంకర్. గ్రేటర్ హైదరాబాద్‌లో 2021 జనవరిలో మొదలైన ఉచిత నీటి పథకం నెలకు 20 వేల లీటర్ల వరకే. ఊరికే కారిపోయిన నీళ్లూ మీటర్ లెక్కలోకి వస్తాయి.

అయితే పాత కమోడ్‌కు 6 లీటర్ల కొత్త ట్యాంకు తగిలిస్తే సరిగ్గా కొట్టుకుపోకపోవచ్చు. రెండూ ఒకదానికొకటి సరిపడేవే తీసుకోవాలి.

కొనేముందు

మురుగు గొట్టం నేలలోకి పోతే ఎస్ ట్రాప్, గోడలోకి పోతే పి ట్రాప్. ఎస్ ట్రాప్ అయితే టైల్స్ వేసిన గోడ నుంచి గొట్టం మధ్య వరకు టేపుతో కొలవాలి. ఈ కొలత రాసుకోకుండా షాపుకు వెళ్తే తెచ్చిన కమోడ్ బిగించేటప్పుడు కుదరదు.

ఇంకో మాట. మన దగ్గర ఖిబ్లా పడమర వైపు. పాత సీటు ముఖం గానీ వీపు గానీ అటు ఉంటే సరిచేయడానికి ఇదే అదను. సాధారణంగా ఉత్తర దక్షిణాలుగా పెట్టిస్తారు. దిశ మారితే మురుగు గొట్టం కూడా జరపాల్సి రావొచ్చు. అందుకే పని మొదలయ్యాక కాదు, ఖర్చు మాట్లాడుకునేటప్పుడే ప్లంబర్‌కు ఈ విషయం చెప్పాలి.