బాలాహిసార్ మీది చూపు

గోలకొండకు విహారయాత్ర చేయని పాఠశాల మన ప్రాంతంలో అరుదు. అయితే వెళ్లివచ్చిన పిల్లలను ఏమి చూశారని అడిగితే నూటికి తొంభైమంది చప్పట్ల సంగతి చెబుతారు. సింహద్వారం దగ్గరి కమాను కింద నిలిచి చేతులు తడితే ఆ చప్పుడు శిఖరం మీది మేడకు వినిపించడం వింతే, కాదనను. కాని చప్పుడు పైకి చేర్చిన శిల్పులు మనిషిని కూడ పైకి చేర్చినారు. మూడు నాలుగు వందల మెట్లెక్కి, ఆయాసం తీరకముందే నాలుగు ఫొటోలు తీసుకుని దిగిపోయేవారిని చూస్తే, గ్రంథం కొని అట్టమాత్రం చదివి దాచుకొన్నవారు గుర్తుకు వస్తారు. ఆ గుట్ట మీద మేడ కట్టినది చూడడానికి. అక్కడికి వెళ్లి చూడకుండ రావడం ఏమి న్యాయం?

గొల్లకొండ అన్న మాటే గోలకొండ అయిందని పెద్దలు చెబుతారు. కాకతీయుల నాటి మట్టికోట 14వ శతాబ్దంలో బహమనీల వశమై, 16వ శతాబ్దంలో కుతుబ్ షాహీల చేతిలో రాతికోటగా పెరిగింది. గుట్ట ఎత్తు సుమారు 400 అడుగులు. కొండలు చూసినవారికి ఇదొక ఎత్తా అనిపించవచ్చు. గణితం బోధించే మిత్రులు మాత్రం అలా అనరు. 120 మీటర్ల ఎత్తున నిలిచినవానికి, నేల చదునుగా ఉంటే, దిగంతం సుమారు 39 కిలోమీటర్ల దూరాన ఉంటుంది. పరుగెత్తే గుర్రానికైనా అది చాలా దూరం. శత్రుసేన లేపిన దుమ్ము కోటలో ముందు కనిపించేది, తరువాతనే కబురు చేరేది.

పైకప్పు చేరినవారిని ముందు తూర్పుగా చూడమంటాను. ఆకాశం తేటగా ఉంటే చార్మినార్ ఆనవాలు పట్టవచ్చు. మధ్య దూరం ఇంచుమించు 8 కిలోమీటర్లు. 56 మీటర్ల ఆ కట్టడం అంత దూరాన, చేయి చాచి రెండు వేళ్ల మధ్య పట్టిన నూకగింజంత కూడ ఉండదు. దానికి ఇవతల మూసీ మీద పురానాపూల్ ఉన్నది. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1578లో కట్టినది. చార్మినార్ 1591 నాటిది. ఈ రెండు సంవత్సరాలను పక్కపక్కన ఉంచి పిల్లలను ఆలోచించమనండి. పట్టణానికి ముందు వంతెన వచ్చింది! కోటలో జనం కిక్కిరిసినారు, నీరు చాలలేదు. దారి అదివరకే ఏటిని దాటి ఉన్నది. నగరం ఆ దారి వెంట నడిచింది. చరిత్ర పుస్తకంలో ఒక వాక్యంగా చదివిన సంగతి ఇక్కడ నేల మీద గీసినట్టు కనిపిస్తుంది.

ఉత్తరాన కుతుబ్ షాహీల సమాధుల గుమ్మటాలు ఉన్నవి. వాటికీ ఆవల, ఇప్పుడు ఎత్తయిన భవనాల చాటున, దుర్గం చెరువు. ఒకప్పుడు ఈ కోట దాహం తీర్చినది ఆ చెరువే. అక్కడినుంచి మట్టిగొట్టాల ద్వారా నీరు కోట పాదానికి వచ్చేది. ఆపైన జలయంత్రాలు ఒక తొట్టినుంచి మరొక తొట్టికి అంచెలంచెలుగా చేదిపోసేవి. ఆ గొట్టాల ముక్కలు నేటికీ కొన్ని గోడలలో చూడవచ్చు. రాజు శిఖరాన కూర్చున్నా అతని చెంబులోకి నీరు పల్లపు చెరువునుంచి రావలసినదే. నా దృష్టిలో ఫిరంగులకంటె ఈ గొట్టాలే గోలకొండ ఘనత. చెరువును అడ్డుకొని కట్టిన గోడలు చూసినప్పుడు మనసుకు కష్టంగా ఉంటుంది. మన ముందుతరాలు చెరువును చూసి ఊరు కట్టినవి. మనము ఊరిని చూసుకొని చెరువు పూడ్చుతున్నాము.

ఒకసారి నాతో వచ్చిన విద్యార్థిని ఒకతె, “మాస్టారూ, ఇక్కడినుంచి రాజుగారు ప్రజలను చూసేవారాండీ, శత్రువులనా?” అని అడిగింది. మంచి ప్రశ్న. ఇద్దరినీ చూసి ఉంటాడు. కాని ఎత్తునుంచి కనిపించనివి కూడ ఉంటాయి కదా! 1687లో ఔరంగజేబు సేన ఎనిమిది నెలలు ఈ కోటను ముట్టడించింది. 87 బురుజుల మీది కాపరులకు ఆ గుడారాలు పగలూ రాత్రీ కనబడుతూనే ఉండినవి. గోడ కూలలేదు. చివరకు అబ్దుల్లా ఖాన్ పనీ అనే కోటలోని సర్దారే ఒక రాత్రి తలుపు తెరిచినాడు. అబ్దుల్ రజాక్ లారీ ఒళ్లంతా గాయాలయ్యేదాక పోరాడినాడు. తానీషా దౌలతాబాదు చెరసాలకు పోయినాడు.

ఇక పడమర. పాత చిత్రాలలో ఆ దిక్కున ఉన్నవి బండరాళ్లు, పొదలు, ఆకాశం. ఆ బండల వయస్సు 250 కోట్ల సంవత్సరాలంటారు భూగర్భశాస్త్రజ్ఞులు; ఈ గుట్టా ఆ కుటుంబంలోనిదే. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఆ వైపు నగరం వేగంగా పెరిగింది. కోకాపేట దగ్గర లేచిన కొన్ని మేడలు ఈ గుట్టకంటె ఎత్తయినవి. ఇన్ని శతాబ్దాలు అందరినీ పైనుంచి చూసిన బాలాహిసార్‌ను ఇప్పుడు ఎవరో ఒక గుమాస్తా, గాజు కిటికీ పక్కన కాఫీ తాగుతూ, కిందికి చూస్తున్నాడు. ఇందులో బాధపడవలసినదేమీ లేదు. పని కోసం దూరం నుంచి వచ్చినవారికి గూడు కావాలి. బండలన్నీ పగలగొట్టనవసరం లేదని మాత్రం నా మనవి.

తెలుగు ఉపాధ్యాయులకు వాయవ్యదిక్కున ఒక పాఠం ఉన్నది. అటు పటాన్‌చెరువు. అక్కడి అమీన్ ఖానుకే పొన్నిగంటి తెలగన్న తొలి అచ్చతెలుగు కావ్యమైన యయాతి చరిత్రను అంకితమిచ్చినాడు. ఇక్కడి ఏలిక ఇబ్రహీం కుతుబ్ షాకు అద్దంకి గంగాధరకవి తపతీ సంవరణోపాఖ్యానము అంకితం చేసినాడు. ఈ పేర్లు తరగతిలో నల్లబల్ల మీద రాసినప్పుడు పిల్లలు ఆవులిస్తారు. పటాన్‌చెరువు దిక్కుకు చేయి చూపి చెబితే, ఎక్కడ ఎక్కడ అంటూ పిట్టగోడ దగ్గరికి వస్తారు.

వెళ్లదలచినవారు పెద్దవాన కురిసి వెలిసిన మరునాడు వెళ్లండి. దుమ్ము అణిగి చూపు దూరం పోతుంది. ఉదయమైతే తూర్పున ఎండ కళ్లలో పడుతుంది, చార్మినార్ దొరకదు. మధ్యాహ్నం మూడు దాటిన తరువాత సూర్యుడు వీపువైపు ఉంటాడు. ఒక దిక్సూచి, నగరపటం ఒకటి, పిల్లకొక తెల్లకాగితం తీసుకువెళ్లండి. పటం మాత్రం వారు తమకు కనిపించినది గీసిన తరువాతనే విప్పండి.